గుసగుసకి గొంతు ఉండదు

జూన్ 9

అత్తకి,

నేను కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి, మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఇంటివాళ్ళను హడలగొడుతుంటావని తెలుసు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వు కల్పించుకుంటావు. ఈ నర్సింగ్ స్కూల్లో నాకు వార్డెన్ పని కూడా అప్పగించారని చెబితే, నాకేదో ఆపరేషన్ అయిందని బంధువులందరికీ కబురు పెట్టావు. ఇప్పటికీ ఎవరో ఒకరు పరామర్శిస్తూనే ఉన్నారు.

కాబట్టి తాపీగా చదువుకో. పగలు పిల్లలకు వార్డులో పని నేర్పిస్తాను, సాయంత్రం నుంచి వాళ్ళ హాస్టల్ చూసుకుంటాను. నా గది వంటగదికి ఆనుకుని ఉంది, గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. బీరువా తలుపు పడాలంటే మోకాలితో పొడవాలి. పిల్లలు మంచివాళ్ళే. ఒకమ్మాయిని అందరూ వసపిట్ట అంటారు, నిద్రలో కూడా మాట్లాడుతుందట. దాని పక్క మంచం అమ్మాయికి ఇస్త్రీ అని పేరు పెట్టారు, ఆమె యూనిఫాం మీద ముడత చూసినవాళ్ళు లేరు. ఒకరు నోరు మూయరు, ఒకరు నోరు తెరవరు, అయినా ఇద్దరికీ ప్రాణస్నేహం.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడ చీకటి గంట మొదలుపెట్టాను! నువ్వు మా వార్డెన్‌గా ఉన్న రోజుల్లో కరెంటు పోగానే దీపాలు వెలిగించనివ్వకుండా మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టేదానివి, గుర్తుందా? ఎవరికి ఏం చెప్పుకోవాలనుంటే అది గుసగుసగా చెప్పాలి, ఎవరు చెప్పారని అడగకూడదు. ఇక్కడ కరెంటు పోయే ముచ్చటే లేదు. అందుకని వారానికోసారి భోజనాలయ్యాక నేనే మెయిన్ స్విచ్ తీసేస్తున్నాను. మొదటిసారి అంతా ఇకఇకలూ పకపకలూ. తర్వాత ఎవరో కూరలో ఉప్పుండటం లేదన్నారు. ఇంకెవరో స్నానాలగది గడియ గురించి. మూడోసారి మాత్రం ఒక మూలనుంచి, "నాకు రక్తం చూస్తే ఇప్పటికీ కళ్ళు తిరుగుతున్నాయి" అని వినిపించింది. కాసేపటికి ఇంకో మూలనుంచి "నాకూ" అని. చీకట్లో నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి అత్తా. ఆ పాత హాలూ, తడి గొడుగుల వాసనా, మా ఊపిరి చప్పుడూ అన్నీ ఒక్కసారి తిరిగొచ్చినట్టు అనిపించింది.

ఈ పిల్లలకు ఫోన్లో కూడా ఒక పేరులేని పేజీ ఉంది. ఎవరైనా ఏదైనా రాయొచ్చు, ఎవరు రాశారో తెలియదు. "మీ చీకటీ మా పేజీ ఒకటే కదా మేడమ్" అంటుంది వసపిట్ట. నువ్వేమంటావు? ఈ చీకటి గంట నీకెలా తట్టిందో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పు.

నీ కోడలు

జూన్ 16

కోడలుపిల్లకి ఆశీస్సులు.

నేను కబుర్లు కల్పిస్తానా? నీ ఆపరేషన్ సంగతి విని పళ్ళు పంపినవాళ్ళున్నారు, అవి ఎవరు తిన్నారనుకున్నావు? నేనే. నువ్విలా రెండు మూడు ఉద్యోగాలు మారితే నాకు ఏడాది పొడుగునా లోటుండదు.

చీకటి గంట నాకు తట్టిందేమీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పేలింది, హాస్టల్లో కొవ్వొత్తులు లేవు. అందరం కూర్చుంటే ఎవరో పిల్ల ఉన్నట్టుండి "నేను పారిపోదామనుకుంటున్నాను" అంది. వెలుతురులో ఆ మాట నా ముందు అనేదేనా? నాకది నచ్చింది. ఆ తర్వాత రూల్స్ పెట్టాను. గోడవైపు తిరిగి కూర్చోవాలి. గుసగుసగానే మాట్లాడాలి, గుసగుసకి గొంతు ఉండదు కాబట్టి. వార్డెన్ కూడా మాట్లాడొచ్చు. చీకట్లో విన్నది వెలుతురులో అడగకూడదు. అంతే.

పేరు లేకపోవడం నాకు కొత్త కాదులే. నేను ట్రెయినింగ్‌లో ఉన్నప్పుడు మాట్రన్ మమ్మల్ని నంబర్లతోనే పిలిచేది. నాది పదకొండు. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంటికి రాసిన ఉత్తరం చివర కూడా పదకొండు అని సంతకం పెట్టాను. మా నాన్న, అదే మీ తాత, అది చూసి, కూతుర్ని జైల్లో వేశారనుకుని పరుగెత్తుకొచ్చాడు. అందరం ఒకటే తెల్లబట్ట, మూతికి గుడ్డ, నెత్తిన టోపీ. రోగులకు అందరం "సిస్టర్"లమే. అవమానంగా ఉండేది నిజమే. కానీ ఒక సుఖం కూడా ఉండేది. రోగి ఎవడైనా నోరు పారేసుకుంటే అది ఆ టోపీకి తగిలేది, నాకు కాదు.

తర్వాత నడవాలో ఫిర్యాదుల పెట్టె బిగించారు, పేరు రాయక్కర్లేదన్నారు. అది సరిగ్గా మాట్రన్ గది గుమ్మం ఎదురుగా ఉండేది. దాని దగ్గరికి నడిచేదెవరో మాట్రన్ చూడదా? ఏడాదికోసారి తాళం తీస్తే బొద్దింకలు వచ్చేవి. ఇక అందరూ ఆకాశరామన్న ఉత్తరాలు మొదలుపెట్టారు, అవి నేరుగా పై అధికారులకు వెళ్ళేవి. ఒక్కదాంట్లో కూడా పనికొచ్చే మాట ఉండేది కాదు, అంతా విషమే. నేను వార్డెన్ అయ్యాక పేరు బిళ్ళలొచ్చాయి. మొదటిరోజు ఒక రోగి ఒక పిల్లను పేరు పెట్టి పిలిస్తే దాని మొహం వెలిగిపోయింది. మర్నాడు అదే రోగి అదే పేరుతో వార్డంతా దద్దరిల్లేలా తిట్టాడు. పిల్ల బిళ్ళ తీసి జేబులో పెట్టుకుంది.

మీ వసపిట్టకు చెప్పు, రెండూ ఒకటి కావని. చీకట్లో మాట్లాడిన మనిషి ఆ గదిలోనే ఉంటుంది. తన మాటకు ఎవరైనా ఏడిస్తే ఆ ఏడుపు వినక తప్పదు. ఫోన్లో ఆ బాధ లేదు కదా. మోకాలితో బీరువా పొడవడం మానెయ్, ఈ వయసులో మోకాళ్ళు జాగ్రత్త.

నీ అత్త

జూలై 2

అత్తా,

తొందరలో రాస్తున్నాను, రాత ఎలా ఉన్నా సర్దుకో.

నిన్న చీకటి గంటలో ముందు కూరల గొడవే నడిచింది. తర్వాత ఒక గుసగుస. "సాయంత్రం ఒకావిడకు ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఇంకొకావిడకు ఇచ్చేశాను. వాళ్ళిద్దరూ కిటికీ కోసం మంచాలు మార్చుకున్నారట. నేను పేరు అడగలేదు, మంచం నంబరు చూసి ఇచ్చేశాను. ఇప్పుడే భోజనాల దగ్గర తెలిసింది. నాకు భయంగా ఉంది."

లైటు వేసింది కూడా గుర్తులేదు, వార్డుకి పరుగెత్తాను. షుగరు జబ్బు లేని ముసలావిడకు ఇన్సులిన్ పడితే ఏమవుతుందో నీకు చెప్పాలా? వెళ్ళేసరికి ఆవిడ చెమటల్లో తడిసి ముద్దయి, పిలిస్తే సగం కన్ను తెరిచి మూసేస్తోంది. గ్లూకోజు ఎక్కించాం. కాసేపటికి లేచి కూర్చుని, నా దిండు ఎవరు తీశారని పోట్లాడింది. ఆ పోట్లాట వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఆ గుసగుస రాకపోయి ఉంటే ఆవిడ నిద్రలోనే పోయేది.

ఈ ఉదయం సూపరింటెండెంట్ పిలిచి, ఇంజెక్షన్ ఇచ్చిందెవరని అడిగాడు. ట్రెయినింగ్ పిల్లలు సంతకాలు పెట్టరు, వాళ్ళందరి తరఫునా స్టాఫ్ నర్సే పెడుతుంది. ముసలావిడనడిగితే, "తెల్లబట్టలు, మూతికి గుడ్డ, ఎవరైతేనేం బాబూ" అంది. నేను తెలియదన్నాను.

కానీ అత్తా, గుసగుసకి గొంతు ఉండదన్నావు చూడు, ఈ ఒక్క పిల్లకు ఉంది. రోజూ మందుల బండి దగ్గర నా పక్కన నిలబడి, ప్రతి సీసా మీది పేరూ గుసగుసగా చదువుకుంటుంది. నేను ఆ పిల్ల అసలు గొంతు కంటే గుసగుసే ఎక్కువ విన్నాను. నాకు ఎవరో తెలిసిపోయింది. ఏం చెయ్యాలో చెప్పు.

నీ కోడలు

జూలై 6

అత్తా,

నీ జవాబు ఇంకా రాలేదు, ఈలోగా ఇక్కడ కొంప మునిగింది. పిల్లల పేరులేని పేజీలో ఎవరో, "ఇంజెక్షన్ మార్చింది వసపిట్టే, కబుర్లలో పడి ఇచ్చేసి ఉంటుంది" అని రాశారు. తెల్లారేసరికి కింద అందరూ అదే మాట. ఒకరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకరు "దీన్ని పంపేస్తేగానీ రోగులు బతకరు" అని రాశారు. అవన్నీ సూపరింటెండెంట్ దాకా వెళ్ళాయి. వసపిట్ట తండ్రిని రమ్మని కబురు పెట్టాడు. మరో రెండు వారాల్లో కమిటీ కూర్చుని పేరు కొట్టేస్తుందట.

ఆ పిల్ల మాట్లాడటం మానేసింది అత్తా. భోజనాల దగ్గర పళ్ళెం వైపు చూస్తూ తిని లేచి వెళ్ళిపోతోంది. ఆమె కాదని నాకు తెలుసు. కాదని చెబితే, మరి ఎవరని అడుగుతారు. తెలియదంటే, కాదని నీకెలా తెలుసంటారు. చెబితే చీకటి గంటకు చేసిన ద్రోహం, చెప్పకపోతే ఈ పిల్లకు. త్వరగా రాయి.

నీ కోడలు

జూలై 7

కోడలా,

నీ రెండో తారీఖు ఉత్తరం అందింది. చదివి నా ఒళ్ళు మండింది. ఎవరో తెలిసిపోయింది, ఏం చెయ్యమంటావని నన్నడుగుతున్నావా? అడగాల్సిన మాటేనా అది? ముసలావిడ బతికింది, ఎవరివల్ల బతికింది? నమ్మి నోరు విప్పిన పిల్ల వల్ల. ఆ పిల్లను పట్టించడానికి నీకింకా సలహా కూడా కావాలా?

ఆ పిల్ల పేరు నీ నోట్లోంచి వచ్చిన రోజు, నీ హాస్టల్లో ఇంకెవరూ తప్పు చెప్పరు. చెప్పకపోతే రోగులు నిద్రలోనే పోతారు. పెద్ద ఉద్యోగంలోకి వెళ్ళగానే పైవాళ్ళను మెప్పించాలనే బుద్ధి నీకూ వచ్చిందన్నమాట. నిలబెట్టుకోలేనిదానివి మొదలెందుకు పెట్టావు? స్విచ్ వేసేసి లైట్ల కింద హాయిగా కూర్చో.

నీ అత్త

జూలై 11

గౌరవనీయులైన సిస్టర్ గారికి,

మీ ఏడవ తేదీ ఉత్తరం అందింది. ఆ పిల్లను పట్టిస్తానని నేను ఎక్కడా రాయలేదు. మీకు ఫోన్లోనే సగం వినిపిస్తుందనుకున్నాను, కాగితం మీద కూడా సగమే కనిపిస్తుందని ఇప్పుడు తెలిసింది.

ఎవరిని మెప్పించడానికి? మూడేళ్ళు మీ హాస్టల్లో ఉన్నప్పుడు మీ మేనకోడలినని ఒక్కరికీ తెలియకూడదన్నారు, ఎవరైనా పక్షపాతం అంటారని. అమ్మ పోయిన ఏడాది అది. నాకు ఆ ఊళ్ళో ఉన్న ఒక్క మనిషినీ రోజూ సిస్టర్ అనే పిలిచాను, వరండాలో ఎదురైతే తల వంచుకుని పక్కకు తప్పుకున్నాను. రహస్యం నిలబెట్టడం నాకు రాదని మీరు అనడం బాగుంది.

నా ఆరో తారీఖు ఉత్తరం ఈపాటికి చేరి ఉంటుంది. అదీ సగమే చదవండి.

ఇట్లు,
హాస్టల్ వార్డెన్

జూలై 14

ఒసేయ్ పిల్లా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు చేతికొచ్చాయి. సిస్టర్ గారికి అన్న మాట చూసి ముందు నవ్వాను, తర్వాత నవ్వలేదు. నా ఉత్తరం చింపెయ్. ఆ కోపం నీమీద కాదు. ఇక్కడ నా సాయంత్రాలు ఎవరితో మాట్లాడకుండానే గడిచిపోతాయి. ఆ చీకటి గంట ఒక్కటే నేను చేసిన మంచి పనని నెమరేసుకుంటూ కూర్చుంటాను. దాన్ని ఎవరో పాడుచేస్తున్నారనిపించి ఎగిరిపడ్డాను. నాలుగు మాటలు ఎక్కువే అన్నాను.

ఇప్పుడు నిజం చెబుతాను. ఏం చెయ్యాలో నాకూ తెలియదు. మా రోజుల్లో చీకట్లో విన్నవన్నీ భయాలూ, బెంగలూ, నామీద తిట్లూను. ఒకరి తప్పు ఇంకొకరి నెత్తిన పడటం ఎప్పుడూ జరగలేదు. నాకు రాని పరీక్ష నీకొచ్చింది, నా దగ్గర జవాబు లేదు. మీ వసపిట్టను మాత్రం ఒంటరిగా భోజనానికి పంపకు. నువ్వు వెళ్ళి పక్కన కూర్చో. మాట్లాడకపోయినా ఫరవాలేదు.

నీ అత్త (సిస్టర్ అని రాశావంటే చూడు)

జూలై 20

అత్తా,

అయిపోయింది. మొదటినుంచీ చెబుతాను.

కమిటీ రేపనగా నిన్న సాయంత్రం చీకటి గంట పెట్టాను. పిల్లలు రావడానికి కూడా భయపడ్డారు. వసపిట్ట పెట్టె సర్దుకుని ఉంది, వాళ్ళ నాన్న కింద బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. అందరూ గోడవైపు తిరిగాక స్విచ్ తీశాను. వార్డెన్ కూడా మాట్లాడొచ్చన్నావు కదా, అందుకని గుసగుసగా నేనే మొదలుపెట్టాను.

"ఆ రోజు తప్పు చేసింది ఎవరో నాకు తెలుసు. ఈ గదిలో ఆ మాట వినగానే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు, రేపు కమిటీలో కూడా చెప్పను. కానీ వెళ్ళిపోతున్నది ఆమె కాదు, ఇంకొకరు. అది కూడా నాకు తెలుసు. ఈ రెండూ మోయడం నాకు బరువుగా ఉంది. చెప్పుకోవాలనిపించింది, చెప్పాను."

అంతే అన్నాను. ఎవరో ముక్కు ఎగబీల్చారు. అది వసపిట్ట అని అందరికీ తెలిసే ఉంటుంది. ఇంకో మూలనుంచి ఎవరో, "పేజీలో మొదట రాసింది నేనే. ఊరికే, నవ్వులాటకి రాశాను" అని గుసగుసగా అన్నారు. ఇంకొకరు, "నేనూ రాశాను" అన్నారు. ఆ చీకట్లో వాళ్ళకు వసపిట్ట ఏడుపు వినక తప్పలేదు. నువ్వు రాసింది అప్పుడు అర్థమైంది నాకు.

ఆ తర్వాత ఒక గొంతు వినిపించింది అత్తా. గుసగుస కాదు. "లైటు వెయ్యండి మేడమ్" అంది, గట్టిగా. ఆ గొంతు మాలో చాలామంది అంతవరకు విననేలేదు. స్విచ్ వేశాను. గోడవైపు తిరిగిన వాళ్ళందరి మధ్యా ఇస్త్రీ ఒక్కతే ఇటు తిరిగి నిలబడి ఉంది. ఆమె యూనిఫాం నిండా ముడతలు.

"నేనే ఇచ్చాను. దాన్ని పంపొద్దు" అంది. వసపిట్ట ఆమె మొహంలోకి చూసి, "ఇన్నాళ్ళూ నా పక్కనే పడుకుని చెప్పలేదేమే?" అంది. చెంపదెబ్బ పడుతుందనుకున్నాను. వసపిట్ట ముక్కు తుడుచుకుని, ఆ పిల్ల భుజం మీద ముడతను చేత్తో సాపు చేసింది.

ఈ ఉదయం ఇద్దర్నీ తీసుకుని సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళాను. ఇస్త్రీ తనే చెప్పింది. కేకలేశాడు, ఆరు నెలలు వెనక్కి వేశాడు. కానీ పేరు కొట్టెయ్యలేదు. "వార్డెన్ గారూ, మీకు ముందే తెలుసా?" అని అడిగాడు. "చీకట్లో విన్నది వెలుతురులో చెప్పను" అన్నాను. నాకూ ఒక హెచ్చరిక కాగితం ఇచ్చాడు, అది నా మంచం కోడు కింద పెట్టాను, ఆ కోడు ఎప్పుడూ ఊగుతుంది. ఇకనుంచి మంచం నంబరు చూసి మందివ్వకూడదని, రోగిని పేరు అడిగే ఇవ్వాలని రూలు కూడా పెట్టారు.

వసపిట్ట ఇస్త్రీతో ఇంకా మాట్లాడటం లేదు. మంచం మాత్రం మార్చుకోలేదు.

ఒకటి అడుగుతాను. గుసగుసకి గొంతు ఉండదన్నావు. నాకు ఒకే ఒక్క పిల్ల గొంతు తెలిస్తే ఇంత నరకమైంది. నిజం చెప్పు, ఆ పాత హాల్లో మేము ఎవరెవరమో నీకు ఎప్పుడూ తెలియలేదా?

నీ కోడలు

జూలై 26

కోడలుపిల్లకి,

నీ ఉత్తరం చదివి మెట్లు దిగి, ఇంటావిడను కూర్చోబెట్టి మళ్ళీ పైకి చదివి వినిపించాను. ఆవిడకు సగం అర్థమైంది, అయినా ఏడ్చింది. నేను ఆవిడ ముందు ఏడవలేదు. ఇప్పుడు నీకు రాస్తూ ఏడుస్తున్నాను, అక్షరాలు కలిసిపోతే నన్ననకు.

అడిగావు కాబట్టి చెబుతాను. నాకు అందరూ తెలుసు. మొదటి రోజునుంచీ తెలుసు. గుసగుసకి గొంతు ఉండదన్నది మీకు ధైర్యం రావాలని చెప్పిన మాట. మీకు జ్వరాలొస్తే పక్కన కూర్చున్నదాన్ని, దగ్గుల్ని బట్టి మీ పేర్లు చెప్పగలిగినదాన్ని, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? పారిపోతానన్న పిల్లెవరో తెలుసు. నన్ను రాతిగుండెది అన్న పిల్లెవరో తెలుసు, ఆమె పెళ్ళికి కూడా వెళ్ళొచ్చాను. మీలో చాలామందికి నాకు తెలుసని తెలుసేమో కూడా. మీకు కావలసింది నాకు తెలియకపోవడం కాదేమో, నేను అడగకపోవడమేమో. ఇన్నేళ్ళు వార్డెన్‌గా చేసి ఆ సంగతి నీ ఉత్తరం చదివాక తేల్చుకున్నాను.

ఒక వర్షాకాలం సాయంత్రం కరెంటు చాలాసేపు రాలేదు. అందరూ చెప్పుకోవడం అయిపోయాక ఒక గుసగుస వచ్చింది. "ఒక్కసారి అత్తా అని పిలవాలనుంది" అని. పక్కనెవరో "పాపం, ఎవరికో వాళ్ళత్త గుర్తొచ్చింది" అన్నారు. ఇంతలో కరెంటు వచ్చింది. నేను అందరికంటే ముందు లేచి, వెనక్కి తిరగకుండా నా గదికి వెళ్ళిపోయాను. తిరిగితే నా మొహం అందరూ చూసేవాళ్ళు. మర్నాటినుంచీ రౌండ్స్‌లో నీ మంచం దగ్గర ఆగి, దుప్పటి సరిగా మడవలేదని రోజూ తిట్టేదాన్ని. నీ దుప్పటి బాగానే ఉండేది. ఇంకాసేపు అక్కడ నిలబడటానికి నాకు ఇంకో వంక దొరకలేదు.

చీకట్లో విన్నది వెలుతురులో అడగకూడదని రూలు పెట్టింది నేను. పిలిచినవాళ్ళకు పలకకూడదని మాత్రం పెట్టలేదు. ఆ రోజు పలకలేదు, ఇప్పుడు పలుకుతున్నాను.

ఆఁ, ఏంటమ్మా? ఇక్కడే ఉన్నాను. చెప్పు.

నీ అత్త